లాంగ్ రైడ్‌కి బైక్ బ్యాగ్ కొంటున్నారా? లీటర్లు పక్కన పెట్టి, ముందు కిలోలు చూడండి

బైక్ లగేజ్ బ్యాగ్ కొనాలని ఆన్‌లైన్‌లో వెతికితే మనకి ముందుగా కనిపించేది లీటర్ల నంబర్. 40 లీటర్లు, 55 లీటర్లు, 70 లీటర్లు... నంబర్ ఎంత పెద్దదైతే అంత మంచి బ్యాగ్ అనిపిస్తుంది. స్మార్ట్‌ఫోన్‌లో మెగాపిక్సెల్స్ చూసి కెమెరా బాగుంటుందని అనుకోవడం లాంటిదే ఇది కూడా. లీటర్లు చెప్పేది బ్యాగ్‌లో ఎంత పడుతుందో మాత్రమే. మీ బైక్ ఎంత మోయగలదో, ఆ బరువు ఏ చోట ఉంటే బండి చెప్పినమాట వింటుందో అందులో ఉండదు.

నేను ట్యాంక్ బ్యాగ్, టెయిల్ బ్యాగ్, సాడిల్ బ్యాగ్స్, టాప్ బాక్స్ నాలుగూ వాడాను. హైదరాబాద్ నుంచి గోవా, హంపి, అరకు లాంటి రూట్లలో ఎండలోనూ వానలోనూ వాటిని తిప్పాను. ఆ అనుభవంతో, ఏ బ్యాగ్ ఎవరికి సెట్ అవుతుందో, కొనే ముందు ఏం చెక్ చేయాలో ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

ముందు మీ బైక్ లెక్క తేల్చండి

మీ బైక్ ఓనర్స్ మాన్యువల్ తీయండి. అందులో గరిష్ట పేలోడ్ అని గానీ, గ్రాస్ వెహికల్ వెయిట్ అని గానీ ఒక నంబర్ ఉంటుంది. గ్రాస్ వెయిట్ ఇచ్చి ఉంటే అందులోంచి కర్బ్ వెయిట్ తీసేయండి. మిగిలిందే బైక్ మోయగల బరువు. ఆ బరువులో మీరు, వెనక కూర్చునేవాళ్లు, హెల్మెట్లు, జాకెట్లు, రాక్‌లు, బ్యాగులు అన్నీ కలిసే ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పేలోడ్ 160 కిలోలు అనుకోండి. మీరు 75 కిలోలు, పిలియన్ 60 కిలోలు. ఇక్కడికే 135 అయిపోయింది. ఇద్దరి హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు కలిపి ఇంకో 14 వేసుకోండి. మొత్తం 149. మిగిలింది 11 కిలోలు. ఇందులోనే సాడిల్ స్టే, ఖాళీ బ్యాగుల బరువు కూడా పోవాలి. అవి ఆరేడు కిలోలు తినేస్తే మీ బట్టలకీ సామానుకీ మిగిలేది నాలుగైదు కిలోలే! అదే మీరు సోలోగా వెళ్తే సీన్ పూర్తిగా మారిపోతుంది. అరవై, డెబ్భై కిలోలు ఖాళీ దొరుకుతుంది.

ఇప్పుడు సామాను లెక్క. నాలుగు రోజుల సోలో ట్రిప్‌కి నా లిస్ట్ ఇలా ఉంటుంది: బట్టలు 4 కిలోలు, రెయిన్ సూట్ ఒకటిన్నర, పంక్చర్ కిట్, ఎయిర్ పంప్ కలిపి 2, టూల్స్, చైన్ లూబ్ 1, కెమెరా 2, ల్యాప్‌టాప్ చార్జర్‌తో 2, పవర్ బ్యాంక్, కేబుల్స్ 1, ఫస్ట్ ఎయిడ్ అరకిలో, నీళ్లు 2. మొత్తం 16 కిలోలు. కొక్కెంతో వేలాడదీసి తూచే చిన్న డిజిటల్ లగేజ్ స్కేల్ ఒకటి ఇంట్లో ఉంటే ఈ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అది లేకపోతే బ్యాగ్ పట్టుకుని ఇంట్లో వెయింగ్ మెషిన్ ఎక్కండి, తర్వాత మీ బరువు తీసేయండి. అంతే.

బరువు ఎక్కడ పెడితే ఏమవుతుంది?

రూల్ ఒకటే. బరువైనవి కిందకి, బండి మధ్యకి దగ్గరగా ఉండాలి. తేలికైనవి పైన, వెనక ఉండాలి. వెనక చక్రం ఇరుసు దాటి బయటికి వేలాడే బరువు తూకంలా పని చేస్తుంది. వెనక కిందకి నొక్కితే ముందు చక్రం తేలికవుతుంది. అప్పుడు హైవే స్పీడ్‌లో హ్యాండిల్ సన్నగా ఊగడం మొదలవుతుంది. లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు గాలి కొట్టిందంటే అది ఇంకా బాగా తెలుస్తుంది. ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపుల దగ్గర బండి మనం అనుకున్న లైన్‌లో తిరగదు.

ఇది దృష్టిలో పెట్టుకుని ఒక్కో బ్యాగ్ చూద్దాం.

ట్యాంక్ బ్యాగ్: బరువు పరంగా దీనికి మంచి చోటు దొరుకుతుంది. సన్‌గ్లాసెస్, కెమెరా, పవర్ బ్యాంక్ చేతికి అందేలా ఉంటాయి. కానీ మాగ్నెట్ మోడల్ కొనే ముందు మీ ట్యాంక్ మీద ఒక చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. కొన్ని బైకులకి ట్యాంక్ మీద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, అక్కడ మాగ్నెట్ అంటుకోదు. అలాంటి బైక్‌కి స్ట్రాప్ మోడల్ తీసుకోవాలి. ఇంకోటి, హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిప్పి చూడండి. బ్యాగ్ హార్న్ బటన్‌ని నొక్కుతుంటే అది మీ బైక్‌కి పనికిరాదు.

సాడిల్ బ్యాగ్స్: రెండు పక్కలా కిందకి వేలాడతాయి కాబట్టి బరువైన సామానుకి ఇదే సరైన చోటు. పిలియన్‌తో వెళ్లేవాళ్లకి నా ఫస్ట్ ఛాయిస్ ఇదే. అయితే సైలెన్సర్ వైపు బ్యాగ్‌కీ సైలెన్సర్‌కీ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. పిలియన్ కూర్చుని గుంతలో పడినప్పుడు వెనక సస్పెన్షన్ కుంగుతుంది, ఆ ఖాళీ తగ్గుతుంది. అందుకే బైక్‌కి సాడిల్ స్టే బిగించకుండా ఈ బ్యాగులు వాడొద్దు. రెండు వైపులా బరువు సమానంగా ఉండేలా సర్దుకోవాలి.

టెయిల్ బ్యాగ్: సోలో రైడర్లకి అన్నిటికంటే సులువైంది. పిలియన్ సీట్ మీద స్ట్రాప్స్‌తో కట్టేస్తే సరిపోతుంది. రాక్ అక్కర్లేదు. సీట్ మీద ముందుకి జరిపి కడితే బరువు మీ వీపుకి దగ్గరగా వస్తుంది, అదే మంచిది. నంబర్ ప్లేట్, బ్రేక్ లైట్, ఇండికేటర్లు కనబడకుండా కిందకి జారకూడదు.

టాప్ బాక్స్: తాళం పడుతుంది, హెల్మెట్ పడుతుంది, టిఫిన్ సెంటర్ దగ్గర ఆగినప్పుడు నిశ్చింతగా ఉంటుంది. ఆఫీస్‌కీ పనికొస్తుంది. కానీ ఇది ఉండేది పైన, వెనక. అంటే బరువు ఉండకూడని చోట. అందుకే బాక్స్ లోపలి స్టిక్కర్ మీద లోడ్ లిమిట్ చదవండి. 45 లీటర్ల బాక్స్ అయినా పది కిలోలకి మించి వేయొద్దని రాసి ఉండొచ్చు. రాక్‌కి వేరే లిమిట్ ఉంటుంది. రెండిట్లో ఏది తక్కువైతే అదే మీ లిమిట్. గంటకు ఇంత స్పీడ్ దాటొద్దని కూడా చాలా బాక్సుల మాన్యువల్స్‌లో ఉంటుంది, అది కూడా చూడండి.

అల్యూమినియం సైడ్ బాక్సులు: చూడ్డానికి అదిరిపోతాయి. కానీ రాక్‌తో కలిపితే ఖాళీగానే 15 కిలోల దాకా ఉంటాయి. పై లెక్కలో పిలియన్‌తో మనకి మిగిలిందే 11! పైగా బండి వెడల్పు పెరుగుతుంది. హ్యాండిల్ దూరిన సందులో బాక్స్ దూరకపోవచ్చు. మట్టి రోడ్డులో బండి పడితే కాలు బాక్స్ కింద ఇరుక్కునే ప్రమాదమూ ఉంది. పెద్ద అడ్వెంచర్ బైక్, వారాల తరబడి ట్రిప్పులు ఉన్నవాళ్లకే ఇవి.

వాటర్‌ప్రూఫ్ అనే మాట వెనక ఏముంది?

మన రీడర్స్‌కి ఐపీ రేటింగ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఐపీ67 అంటే మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు. కానీ వానలో 80 స్పీడ్‌లో వెళ్తున్న బ్యాగ్ పరిస్థితి నీళ్లలో మునగడం కాదు, పైప్‌తో నీళ్లు కొట్టించుకోవడం. దానికి సంబంధించిన రేటింగ్ ఐపీఎక్స్5, ఐపీఎక్స్6. చివర 7 ఉన్నంత మాత్రాన 6 కూడా పాసైనట్టు కాదు, ఆ రెండు టెస్టులూ వేరు. చాలా బ్యాగులకి అసలు ఏ రేటింగూ ఉండదు, వాటర్‌ప్రూఫ్ అన్న మాట మాత్రం ఉంటుంది.

అప్పుడు ఏం చూడాలి? కుట్టు ఉన్న ప్రతిచోటా సూది రంధ్రం ఉంటుంది. గుడ్డ ఎంత గట్టిదైనా నీళ్లు అక్కడి నుంచే లోపలికి వస్తాయి. కుట్టు బదులు వేడితో అతికించిన అంచులు, జిప్ బదులు నోరు మూడు నాలుగు మడతలు చుట్టి బకిల్ పెట్టే రోల్ టాప్ ఉంటే అది నిజంగా వానకి నిలుస్తుంది. రెయిన్ కవర్ ఇచ్చే బ్యాగులు చిన్న వానకి ఓకే. గంటల తరబడి వాన అయితే వెనక చక్రం చిమ్మే నీళ్లు కింద నుంచి వస్తాయి, కవర్ కింద భాగం తెరిచే ఉంటుంది. అలాంటి బ్యాగ్ కొంటే లోపల వేసే డ్రై బ్యాగులు విడిగా తీసుకోండి.

గుడ్డ విషయానికొస్తే 600 డెనియర్, 1000 డెనియర్ అని రాస్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే ఇది దారం మందం. నైలాన్ 1000 డెనియర్ రాపిడికి బాగా ఆగుతుంది. పాలిస్టర్ 600 తక్కువ వాడకానికి చాలు.

స్ట్రాప్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు

మా రైడింగ్ గ్రూప్‌లో ఒకతనికి కర్నూలు దాటాక హైవే మీద టెయిల్ బ్యాగ్ స్ట్రాప్ కొస ఊడి చైన్‌లోకి వెళ్లింది. వెనక చక్రం లాక్ అయ్యి బండి ఇరవై అడుగులు జారింది. నేను వెనకే ఉన్నాను. వెనక లారీ లేదు కాబట్టి, జాకెట్, గ్లోవ్స్ ఉన్నాయి కాబట్టి మోచేతి గాయంతో బయటపడ్డాడు. బ్యాగ్ చూస్తే కొత్తదే, గుడ్డ చెక్కుచెదరలేదు. సమస్యల్లా వేలాడే అడుగు పొడవు స్ట్రాప్.

అప్పటి నుంచి నేను ఏ బ్యాగ్ చూసినా ముందు చూసేది మిగిలిన స్ట్రాప్‌ని చుట్టి పెట్టే వెల్క్రో గానీ, రబ్బర్ లూప్ గానీ ఉందా లేదా అని. లేకపోతే జిప్ టై వేసేస్తాను. బంజీ తాళ్లని మెయిన్ సపోర్ట్‌గా అస్సలు నమ్మొద్దు. అవి సాగుతాయి, ఎండకి పాడవుతాయి, కొక్కెం జారుతుంది. రెయిన్ సూట్ లాంటివి పైన పెట్టుకోవడానికి బంజీ నెట్ ఓకే. బయల్దేరాక మొదటి 20 కిలోమీటర్ల దగ్గర ఆగి స్ట్రాప్స్ అన్నీ మళ్లీ బిగించండి. సామాను సర్దుకున్నాక కచ్చితంగా లూజ్ అవుతాయి.

గ్యాడ్జెట్స్ ఏ బ్యాగ్‌లో పెట్టాలి?

ఫోన్: బైక్ వైబ్రేషన్ వల్ల ఫోన్ కెమెరాలో ఆప్టికల్ స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే చెప్పింది. నావిగేషన్‌కి హ్యాండిల్ మీద పెట్టాల్సి వస్తే వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదా పాత ఫోన్ వాడండి. ట్యాంక్ బ్యాగ్ పైన ప్లాస్టిక్ కిటికీలో పెడితే వైబ్రేషన్ తగ్గుతుంది కానీ వేడి పెరుగుతుంది. ఐఫోన్ వాడాల్సిన వాతావరణం 35 డిగ్రీల వరకే అని కంపెనీ చెప్తుంది. మన దగ్గర మే నెల ఎండ 40 దాటుతుంది కదా. ఆ కిటికీలో ఫోన్ చార్జింగ్ పెడితే చార్జింగ్ ఆగిపోవడమో, స్క్రీన్ డిమ్ అవ్వడమో ఖాయం. మాగ్నెట్ ట్యాంక్ బ్యాగ్ అయితే ఫోన్‌ని మాగ్నెట్ రెక్కల దగ్గర పెట్టొద్దు, కంపాస్ తప్పు చూపిస్తుంది.

ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్: ల్యాప్‌టాప్‌ని బట్టల మధ్యలో నిలువుగా పెట్టండి. టాప్ బాక్స్‌లో ఒంటరిగా వదిలితే ప్రతి గుంతకీ గోడకి కొట్టుకుంటుంది. బ్యాకప్ కోసం తిరిగే డిస్క్ ఉన్న హార్డ్ డిస్క్ కంటే ఎస్‌ఎస్‌డీ తీసుకెళ్లడం మంచిది.

బ్యాక్‌ప్యాక్: రోజంతా భుజాల మీద మోయొద్దు. మెడ, నడుము పట్టేస్తాయి. పడితే లోపలి గట్టి వస్తువు వెన్నుకే తగులుతుంది. నీళ్ల బ్లాడర్ ఒక్కటి ఉంటే చాలు.

మరి ఏది కొనాలి?

సోలో, రెండు మూడు రోజులు: టెయిల్ బ్యాగ్ ఒక్కటి. సోలో, వారం: రోల్ టాప్ టెయిల్ బ్యాగ్‌తో పాటు చిన్న ట్యాంక్ బ్యాగ్. పిలియన్‌తో: సాడిల్ స్టే, సాడిల్ బ్యాగ్స్, పైన తేలికైనవి మాత్రమే. రోజూ ఆఫీస్, అప్పుడప్పుడు ట్రిప్: టాప్ బాక్స్, బరువు లిమిట్ గుర్తుపెట్టుకుని. మన దేశంలో రైనాక్స్, వయాటెర్రా, గార్డియన్ గేర్స్ లాంటి కంపెనీలు సాఫ్ట్ బ్యాగులు చేస్తున్నాయి. బాక్సుల్లో ఇటలీ కంపెనీ గివి, స్పెయిన్ కంపెనీ షాడ్ దొరుకుతాయి. బ్రాండ్ ఏదైనా మీ బైక్ మోడల్‌కి సరిపోయే స్టే, రాక్ దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి. బడ్జెట్ తక్కువైతే లీటర్లు తగ్గించండి, స్ట్రాప్, అంచుల క్వాలిటీ తగ్గించొద్దు.

బ్యాగ్ వచ్చాక రిటర్న్ గడువు లోపే మూడు పనులు చేయండి. లోపల న్యూస్ పేపర్ కుక్కి, పైప్‌తో పది నిమిషాలు నీళ్లు కొట్టి, పేపర్ తడిసిందేమో చూడండి. అయితే ముందు రిటర్న్ రూల్స్ చదవండి, వాడిన బ్యాగ్‌ని కొందరు వెనక్కి తీసుకోరు. ట్రిప్‌కి పట్టుకెళ్లే బరువంతా వేసి ఊరి బయట ఓ 50 కిలోమీటర్లు తిప్పండి, బ్రేక్ గట్టిగా వేసి చూడండి. మూడోది, మాన్యువల్‌లో ఫుల్ లోడ్‌కి చెప్పినట్టు టైర్‌లో గాలి, వెనక షాకబ్జార్బర్ ప్రీలోడ్ పెంచండి, రాత్రి హెడ్‌లైట్ చెక్ చేయండి. వెనక కుంగితే లైట్ పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, మీకు రోడ్డు కనబడదు.

మీ బైక్ మోడల్, మీ బరువు, పిలియన్ ఉన్నారా లేదా, ఎన్ని రోజుల ట్రిప్ అన్న నాలుగు విషయాలు కాగితం మీద రాసుకున్నాకే షాపింగ్ మొదలుపెట్టండి. సగం బ్యాగులు అక్కడే లిస్ట్‌లోంచి ఎగిరిపోతాయి. హ్యాపీ రైడింగ్!