ఆ రెండు నక్షత్రాలు ఉన్నాయా?

హెల్త్ రీసెర్చ్ కంపెనీల్లో సిస్టమాటిక్ రివ్యూ ఉద్యోగాలకు అప్లై చేస్తున్నారా? ‘ఈ స్టడీని ఎంతవరకు నమ్మొచ్చు?’ అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి.

మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలు వాడితే గుండెజబ్బు తగ్గుతుందని ఎన్నో పరిశీలనాత్మక అధ్యయనాలు చెప్పాయి. డాక్టర్లూ నమ్మి రాసిచ్చారు. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ వాళ్లు ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది లాటరీలా తేల్చి పరీక్షించారు. 2002లో ఫలితం వచ్చింది: ఈస్ట్రోజెన్-ప్రొజెస్టిన్ మాత్రతో గుండెకు మేలు లేకపోగా ముప్పు కాస్త పెరిగింది! తేడా ఎక్కడ కొట్టింది? పాత అధ్యయనాల్లో మాత్రలు వాడినవాళ్లు చాలామంది ముందునుంచీ చదువు, డబ్బు, ఆరోగ్యంపై శ్రద్ధ ఉన్నవాళ్లే. దీన్నే కన్‌ఫౌండింగ్ అంటారు. (కారణం అదొక్కటే కాదు, మాత్రలు మొదలుపెట్టిన వయసుపైనా చర్చ ఉంది.)

ఇలాంటివి పట్టుకోవడానికి న్యూకాజిల్-ఒట్టావా స్కేల్ వాడతారు. మొత్తం 9 నక్షత్రాలు: మనుషుల ఎంపికకు 4, గ్రూపులు పోల్చదగ్గవేనా అన్నదానికి 2, ఫలితాల నమోదుకు 3. నాకైతే ఆ 2 దగ్గరే ఎక్కువ టైమ్ పడుతుంది. 7 వచ్చిందని మురిసిపోకండి. పోయిన రెండూ అవే కావచ్చు!

ఈ పని ఇద్దరు విడివిడిగా చేసి, తేడాలొస్తే కూర్చుని తేల్చుకుంటారు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పేపర్లు ఉచితమే. ఒకటి తీసి, ఫ్రెండ్‌తో కలిసి ఈ ఆదివారం ట్రై చేయండి.