కౌలాలంపూర్‌లో ఇంటి వంట

కౌలాలంపూర్‌లో పెట్రోనాస్ జంట సౌధాలకు కనుచూపు మేరలోనే కాంపుంగ్ బారు అనే మలయ్ పేట ఉన్నది. 1900లో బ్రిటిషు పాలకులు మలయ్ ప్రజల వ్యవసాయ నివాసానికై కేటాయించిన స్థలమిది. అక్కడి చిన్న భోజనశాలల్లో పులుసులు, వేపుళ్ళు, కాల్చిన చేపలు వరుసగా అమర్చి ఉంటాయి. అన్నం పెట్టించుకొని కావలసినవి మనమే వడ్డించుకోవాలి. దీనిని ‘నాసి చంపుర్’ అంటారు. అనగా కలగలుపు అన్నం. పళ్ళెం వంక ఒక్క చూపు చూసి వెల చెబుతారు. తూనిక లేదు, కొలత లేదు! కొలతలే వృత్తిగా గల మావంటి ఇంజనీర్లకు అది వింతే.

అన్నింటికీ ప్రాణం ‘సంబల్ బెలచాన్’. పులియబెట్టిన రొయ్యల ముద్దను కాల్చి, పండుమిరపకాయలతో రోట నూరి, నిమ్మరసం పిండుతారు. పచ్చి ఆకులను, దోసకాయ ముక్కలను అందులో అద్దుకొని తింటారు. రోటిపచ్చడి ఎరిగిన మనకు అది పరాయిది కాదు. చేపల కూరలో కరివేపాకు సైతం పలకరిస్తుంది. శాకాహారులు మాత్రం అడిగి తినడం మేలు. ఆకుకూర వేపుడులోనూ రొయ్యల ముద్ద ఉండవచ్చు.

ఈ పేట పునర్నిర్మాణానికై 2011లో ప్రత్యేక చట్టం వచ్చినది. బహుళ అంతస్తుల భవనంలో అద్దె చెల్లిస్తూ ఇదే వెలకు ఇదే భోజనం పెట్టడం సాధ్యమని మేము అనుకోము. ఒక్కొక్క స్థలానికి వారసులు అనేకులు. వారందరి సమ్మతి కుదరడం సులభం కాదు. ఆ జాప్యమే ఈ పొయ్యిలను ఇన్నాళ్ళు కాపాడినది.