మీకు తెలుసా? వీలునామాలో ‘వీలు’ మనది కాదు

● ‘వీలునామా’లో ‘వీలు’ అచ్చ తెలుగు మాటలా వినిపిస్తుంది గానీ, అది ఇంగ్లీషు ‘విల్’. ‘నామా’ పారసీ నుంచి వచ్చింది, పత్రమని అర్థం. దీనికున్న మరో పేరు మరణశాసనం. ఆ మాట ఎత్తితే ఇంట్లో పెద్దవాళ్లు ‘శుభమా అని ఇప్పుడెందుకు’ అంటారు.

● దీనికి స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేది రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు.

● లోపల ఏం రాసుందో సాక్షులకు తెలియక్కర్లేదు. కానీ రేపు వ్యవహారం కోర్టుకెక్కితే, రిజిస్టరైన వీలునామాకైనా సరే, సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాలి. అందుకే డెబ్బై దాటిన పెద్దాయన తన ఈడు స్నేహితుల కన్నా వయసులో చిన్నవాళ్లను సాక్షులుగా పెట్టుకోవడం మేలు.

● వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకోవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఈ ఏర్పాటుంది. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. మనిషి పోయాక ఎవరైనా దరఖాస్తు చేస్తే వారి ఎదుటే కవరు విప్పి, పుస్తకంలో నకలు ఎక్కించి, అసలు కాగితాన్ని మళ్లీ అక్కడే భద్రపరుస్తారు.

● బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా పేరున్నంత మాత్రాన ఆ డబ్బు సొంతమైపోదు. నామినీ సొమ్ము అందుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి. షేర్లకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

● పెళ్లికాని హిందూ యువకుడు వీలునామా రాయకుండా పోతే, అతని సంపాదనంతా తల్లికే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మొదటి వరుస వారసుల్లో తండ్రి పేరు లేదు.

● ఆడవాళ్ల సంగతి మరీ చిత్రం. 1955లో ఒకమ్మాయికి పెళ్లయింది. మూడు నెలలకే భర్త పాముకాటుతో చనిపోయాడు. అత్తింటివాళ్లు గెంటేశారు. పుట్టింటివాళ్లు చదివించారు. ఉద్యోగం చేసి నాలుగు రాళ్లు వెనకేసుకుంది. 1996లో పిల్లల్లేకుండా, వీలునామా లేకుండా కన్నుమూసింది. ఆ డబ్బు ఎవరిదన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాలి వేరు, చట్టం వేరంటూ 2009లో కోర్టు దాన్ని భర్త తరఫు వారసులకే ఇచ్చింది. పిల్లలూ భర్తా లేని హిందూ స్త్రీ స్వార్జితం తల్లిదండ్రుల కంటే ముందు అత్తింటివైపు వెళ్తుందన్నది చట్టం. ఒక్క తెల్లకాగితం, మూడు సంతకాలు ఉంటే ఆ కథ వేరేగా ముగిసేది.

● క్రైస్తవులకు పెళ్లయితే అంతకుముందు రాసిన వీలునామా రద్దయిపోతుంది. హిందువులకు అలా కాదు. ముస్లింలు వారసుల ఒప్పుదల లేకుండా ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వలేరు.

● వీలునామా సరైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. మద్రాసు నగరంలో హిందువు రాసినదానికి ఇది తప్పనిసరిగా ఉండేది. అదే నెల్లూరులో రాసి, పొలమూ అక్కడే ఉంటే అక్కర్లేదు. 2025 చివర్లో పార్లమెంటు ఆ నిబంధననే తీసేసింది.

● ఎన్నిసార్లు రాసినా చెల్లేది చివరిదే. కాబట్టి ఈరోజు రాస్తే రేపు మార్చుకోలేమన్న భయం అక్కర్లేదు. మరి ఎందుకు రాయలేదని అడిగితే చాలామంది చెప్పే జవాబొకటే: ‘వీలు దొరకలేదండీ!’ ఆ వీలు మాత్రం పదహారణాల తెలుగే.