రాణికి చెలికత్తె... రాజుకి చిత్రకారిణి!

నల్లటి దుస్తులు, తలమీద నల్లటి టోపీ, చేతిలో జపమాల... స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ చిత్రమది. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. దాన్ని గీసింది ఆస్థానంలోని మగ చిత్రకారులేనని తరతరాలుగా నమ్మారు. ఎవరు గీశారన్న దగ్గర ఒకసారి ఒకరి పేరు, ఇంకోసారి మరొకరి పేరు రాశారు. 1990ల్లో పరిశోధకులు పాత పత్రాలు తిరగేసి, చిత్రాన్ని క్షుణ్నంగా పరీక్షించాక అసలు సంగతి బయటపడింది. ఆ బొమ్మ వేసింది ఓ మహిళ. పేరు సోఫోనిస్బా అంగ్విస్సోలా!

ఇంతకీ ఎవరీమె? రాజుగారి బొమ్మ గీసే స్థాయికి ఎలా వెళ్లింది? అంతటి చిత్రకారిణి పేరు ఎలా మరుగున పడింది?

ఆరుగురు ఆడపిల్లలు

అది ఇటలీలో కళలు కొత్త చిగుళ్లు తొడిగిన పునరుజ్జీవన కాలం. క్రెమోనా పట్టణంలో 1532 ప్రాంతంలో పుట్టింది సోఫోనిస్బా. తండ్రి అమిల్కారేది పరువున్న కుటుంబమే కానీ పెద్ద సంపన్నుడేం కాదు. ఆరుగురు ఆడపిల్లలు, ఒక్కడే మగపిల్లాడు. ఆడపిల్లకి కట్నమివ్వడం అప్పట్లో అక్కడా తప్పనిదే. అయినా అమిల్కారే కూతుళ్ల చదువుకి వెనకాడలేదు. లాటిన్, సంగీతం, చిత్రలేఖనం... అన్నీ నేర్పించాడు. పెద్దమ్మాయి సోఫోనిస్బాని, రెండో అమ్మాయి ఎలెనాని బెర్నార్డినో కాంపీ అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికానికి పంపాడు. మగపిల్లలు మాత్రమే కుంచె పట్టుకుని గురువుల దగ్గర చేరే రోజుల్లో అది పెద్ద సాహసమే.

అయినా అన్ని తలుపులూ తెరుచుకోలేదు. చర్చి గోడల మీద పెద్దపెద్ద పురాణ ఘట్టాలు గీస్తేనే అప్పట్లో గొప్ప చిత్రకారులని పేరు. అందుకు మనిషి శరీర నిర్మాణాన్ని నగ్నంగా నిలబడ్డ మోడళ్లను చూసి నేర్చుకోవాలి. ఆడపిల్లలకు ఆ అవకాశమే లేదు. దాంతో సోఫోనిస్బా తన కళ్లెదురుగా ఉన్నవాళ్లనే ఎంచుకుంది. చెల్లెళ్లు, తమ్ముడు, నాన్న, ఇంట్లో పనిచేసే ముసలమ్మ... ఎవరూ లేకపోతే అద్దంలో తన ముఖం!

అలా పుట్టిందే 1555 నాటి ‘చదరంగం ఆట’. ఓ చెల్లి ఎత్తు వేసి గెలుపు ధీమాతో మనవైపు చూస్తుంటుంది. ఎదురుగా ఉన్న చెల్లి ఏదో అనబోతున్నట్టు చెయ్యెత్తుతుంది. మధ్యలో ఉన్న చిన్నది ఆమె అవస్థ చూసి పళ్లు కనిపించేలా నవ్వుతుంది. వెనక నుంచి పనిమనిషి తొంగి చూస్తుంటుంది. చిత్రపటాల్లో మనుషులు బిగుసుకుపోయి కనిపించే ఆ కాలంలో ఇంట్లో పిల్లల అల్లరిని అలా పట్టుకోవడం కొత్త. చదరంగం బల్ల అంచున తన పేరు, తండ్రి పేరు లాటిన్‌లో రాసుకుంది సోఫోనిస్బా. ప్రస్తుతం ఆ చిత్రం పోలండ్‌లోని పోజ్నాన్ జాతీయ మ్యూజియంలో ఉంది.

ఏడిపించి చూపించు!

ఆమె గీసిన నవ్వే అమ్మాయి బొమ్మ ఒకటి మహాశిల్పి మైఖెలాంజిలో కంటపడింది. బాగుందన్నాడు. అయితే ఏడ్చే పిల్లాణ్ని గీయడం ఇంకా కష్టమన్నాడు. సోఫోనిస్బా వెంటనే ఆ పని చేసింది. చిన్న తమ్ముడు అస్‌డ్రుబాలే వేలిని నీటిరొయ్య కరిచింది, వాడు ఏడుపు లంకించుకున్నాడు, పక్కనే అక్క ఓదారుస్తోంది... అదీ బొమ్మ. మైఖెలాంజిలో స్నేహితుడు 1562లో ఆ రేఖాచిత్రాన్ని ఫ్లోరెన్స్ పాలకుడు కోసిమో దె మెదిచీకి పంపించాడు. ఇప్పుడది నేపుల్స్‌లోని కాపోదిమోంతె మ్యూజియంలో ఉంది.

అప్పటికే ఆమె పేరు స్పెయిన్ దాకా పాకింది. 1559లో రెండో ఫిలిప్ ఆస్థానం నుంచి పిలుపొచ్చింది. కొత్తగా కాపురానికొస్తున్న రాణి ఎలిజబెత్ వయసు పద్నాలుగేళ్లే. ఆమెకి బొమ్మలంటే ఇష్టం. రాణికి చెలికత్తెగా, చిత్రలేఖనం నేర్పే గురువుగా సోఫోనిస్బా రాజభవనంలో అడుగుపెట్టింది. రాజునీ రాణినీ గీసింది. రాణి చిత్రం కావాలని సాక్షాత్తూ పోపే అడిగి తెప్పించుకున్నాడు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. గొప్పింటి ఆడపిల్ల బొమ్మలమ్మి డబ్బు తీసుకోవడం మర్యాద కాదు. అందుకే ఆమెకి జీతం ముట్టింది చెలికత్తెగానే. బొమ్మలకు దక్కినవి ఖరీదైన బట్టలు, నగల్లాంటి కానుకలు. చిత్రానికింత అని లెక్కల పుస్తకంలో పద్దు లేదు. ఆస్థానంలో గీసినవాటి మీద సంతకాలూ లేవు. పైగా ఆస్థాన చిత్రకారుడు సాంచెజ్ కోయెల్లో ఆమె బొమ్మలకు నకళ్లు గీసేవాడు. కాలం గడిచేకొద్దీ నకలేదో అసలేదో తెలియక అన్నీ మగవాళ్ల ఖాతాలో పడిపోయాయి.

తొంభై దాటాకా...

1568లో రాణి చనిపోయింది. కొన్నేళ్లకు రాజే కట్నమిచ్చి సోఫోనిస్బాకి సిసిలీ ప్రభువంశీయుడితో పెళ్లి చేశాడు. 1578లో ఆయన సముద్ర ప్రయాణంలో ప్రాణాలు కోల్పోయాడు. తిరిగి పుట్టింటికి బయల్దేరిన ఆమెకి ఓడ కెప్టెన్ ఒరాజియో లొమెల్లీనో పరిచయమయ్యాడు. ఆమెకన్నా వయసులో చిన్నవాడు. తమ్ముడు వద్దన్నా వినకుండా అతణ్నే పెళ్లాడింది. జెనోవాలో దశాబ్దాలపాటు కాపురం, బొమ్మలు, ఇంటికొచ్చే చిత్రకారులతో కబుర్లు... చివరికి పలెర్మో చేరింది.

1624 జులైలో పాతికేళ్ల యువ చిత్రకారుడు వాన్ డైక్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. తొంభై దాటిన సోఫోనిస్బాకి చూపు మందగించింది కానీ జ్ఞాపకశక్తి మాత్రం చెక్కుచెదరలేదు. తన బొమ్మ గీస్తుంటే, వెలుగు మరీ పైనుంచి పడనివ్వొద్దనీ ముడతల నీడలు పెద్దవవుతాయనీ చెప్పిందట. ఆ సంగతులన్నీ వాన్ డైక్ తన స్కెచ్ పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

మరుసటి ఏడాది, 1625లో ఆమె కన్నుమూసింది. ఆమె గొప్పతనాన్ని తలచుకుంటూ ఒరాజియో 1632లో సమాధి మీద శిలాఫలకం చెక్కించాడు. భర్త మర్చిపోలేదు, లోకమే మర్చిపోయింది.

2019లో ప్రాడో మ్యూజియం తన రెండొందల ఏళ్ల పండగలో సోఫోనిస్బా చిత్రాలనూ, మరో ఇటలీ చిత్రకారిణి లవీనియా ఫోంటానా చిత్రాలనూ కలిపి ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. పుట్టింట్లో చదరంగం బల్ల మీద రాసుకున్న పేరుని సోఫోనిస్బా రాజుగారి బొమ్మ మీద రాసుకోలేకపోయింది. ఇప్పుడు ఆ బొమ్మ కింద మ్యూజియం వాళ్లే రాస్తున్నారు!