సానపట్టే చేతిని ఎంచుకోవడం ఎలా?

ఒకప్పుడు కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల వజ్రాలకు లోకమంతటా పేరుండేది. నేడు ప్రపంచంలో ఏ మూల గనిలో దొరికిన వజ్రమైనా సాన కోసం ఎక్కువగా చేరేది గుజరాత్‌లోని సూరత్‌కే. ఆ నగరంలో వరాఛా ప్రాంతం ఈ పనికి పెట్టింది పేరు. ఇక్కడి కార్ఖానాల్లో పనివారిని 'రత్నకళాకార్' అంటారు. వీరిలో చాలామంది సౌరాష్ట్రలోని భావనగర్, అమ్రేలీ జిల్లాల నుంచి వలస వచ్చినవారు.

వీరు పనిలో చేరే తీరు చిత్రంగా ఉంటుంది. అప్పటికే పనిలో ఉన్న అన్నో, మేనమామో, ఊరివాడో వెంటబెట్టుకు వచ్చి యజమానికి మాట చెబుతాడు. ఇది కేవలం బంధుప్రీతి అనుకుంటే పొరపాటు. గుప్పిట్లో ఇమిడే సరుకు లక్షలు పలుకుతుంది. హామీ ఉన్నవాడి పరువు పణంగా ఉంటుంది కనుక కొత్తవాడి నిజాయితీపై నమ్మకం కుదురుతుంది.

అయితే నిజాయితీ వేరు, పనితనం వేరు. నూనె, వజ్రపు పొడి పూసిన ఇనుప చక్రం వేగంగా తిరుగుతుంటే, దానికి రాయిని ఆనించి ముఖాలు తీర్చాలి. గుండ్రని వజ్రంలో ఇవి సాధారణంగా 57 లేక 58. కార్బన్ పరమాణువుల అమరిక వల్ల వజ్రం కాఠిన్యం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. అనువైన దిశ పట్టుకోకపోతే రాయి అరగదు. ఎక్కువ అరిగితే పోయిన బరువు తిరిగి రాదు. ఈ నేర్పు మాటల్లో బయటపడదు, మేనమామ హామీలోనూ కనిపించదు.

మరి ఎలా తెలుసుకోవాలి? ఎంపిక పద్ధతి వేసిన అంచనాకు, తరువాతి పనితీరుకు ఉన్న పొంతనను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక అంకెతో కొలుస్తారు. సున్నా అయితే లాటరీతో సమానం, 1 అయితే అంచనా అచ్చంగా నిజమైనట్లు. పాల్ శాకెట్, ఆయన సహచరులు అనేక వృత్తుల అధ్యయనాలను 2022లో తిరిగి లెక్కగట్టారు. తోచిన ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూకు వచ్చిన సగటు 0.19. అందరినీ ఒకే ప్రశ్నలడిగి, ముందే నిర్ణయించిన కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42. పని చేయించి చూసే పరీక్షకు 0.33. ఏదీ 1కి దరిదాపుల్లో లేదు. కనుక ఒక్క పరీక్షనే నమ్ముకోరాదు.

పని రానివారి సంగతేమిటి? చిన్న పని ఒకటి నేర్పి, ఎంత త్వరగా, ఎన్ని తప్పులతో నేర్చుకున్నారో గమనించవచ్చు. చవక రాయి మీద ఒక పూట చాలు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తప్పుగా తీసుకున్నవాడు యజమాని కంటి ముందే ఉంటాడు. తప్పుగా వెనక్కి పంపినవాడు మాత్రం ఎన్నటికీ కనిపించడు. హామీ చెప్పే బంధువు లేని యువకుడిలో ఎంతటి నేర్పు దాగి ఉన్నా ఆ నష్టం ఏ పద్దులోకీ ఎక్కదు.

కాబట్టి నమ్మకానికి హామీ ఉండనివ్వండి, పనితనాన్ని చక్రమే తేల్చనివ్వండి. ఎంపికనాడు వేసిన మార్కులను ఆరు నెలల తరువాతి పనితో పోల్చి చూడాలి. పొంతన కుదరకపోతే మార్చవలసింది ముందుగా మన పరీక్షనే.