మానిన మరునాడు

వ్యసనాలను గూర్చి వ్రాసేవారు సాధారణంగా వాటి దోషాలను వర్ణించి, మానుకొమ్మని హితవు చెప్పి అంతటితో ఊరుకుంటారు. మానినవాని మరునాడు ఎట్లుంటుందో చెప్పరు. మేమిక్కడ ముచ్చటించదలచినది ఆ మరునాటి సంగతి.

ముందు దేహాన్ని గూర్చి. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లుపై దాడులు సాగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వందలాది మంది వణుకు, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులకు అలవాటుపడిన శరీరాలు, అవి హఠాత్తుగా అందకపోయేసరికి తల్లడిల్లాయి. దినమూ విపరీతంగా మద్యం సేవించేవానికీ ఇదే ప్రమాదం. అట్టివాడు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. పౌరుషానికి పోయి తలుపు మూసుకొని మానబోతే ప్రాణానికే ముప్పు.

దేహం కొద్ది వారాలలో కుదుటపడుతుంది. మనస్సు అంత త్వరగా మరచిపోదు. రంజాన్ మాసంలో మన పట్టణాలలో దీనిని కళ్లారా చూడవచ్చు. పొగ త్రాగే మనిషి సహరీ మొదలు 13, 14 గంటలు బీడీ ఊసెత్తడు. ఇఫ్తార్ ఖర్జూరం నోట పడిందో లేదో, చేయి జేబులోకి పోతుంది! దొరకదని తెలిసిన వేళ కోరిక పడుకొంటుంది. దొరికే వేళకు లేచి కూర్చుంటుంది. అంటే అది కాలానికీ, స్థలానికీ, సావాసానికీ ముడిపడి ఉన్నదన్నమాట.

వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970వ దశాబ్దంలో పరిశీలించింది. అక్కడ హెరాయిన్‌కు బానిసలైనవారిలో అత్యధికులు ఇల్లు చేరిన మొదటి ఏడాది మరల దానికి బానిసలు కాలేదు. పరిసరాలు మారడం ఇందుకొక ముఖ్య కారణమంటారు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో బస్తాలు మోసే హమాలీకి ఆ అదృష్టమేదీ? చికిత్స పొంది వచ్చినా అదే మిల్లు, అదే కూలి చేతికందే సాయంత్రం, అదే దారి. సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు–విజయవాడ రహదారిపై తిరిగే లారీ డ్రైవరుకు ఆగిన చోటనల్లా పాత పరిచయమే. దుకాణమే లేకుండా చేద్దామనే ప్రయత్నమూ జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమం 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో అది సడలింది.

కనుక దుకాణం ఎదుటనే బ్రతకడం నేర్వాలి. కోరిక అలవంటిది, ఎగసినది చాలమట్టుకు అరగంటలోపే విరుగుతుంది. ఆ అరగంటకు ముందే ఏర్పాటు ఉండాలి: కూలి డబ్బు ఇల్లాలి చేతికి పోవడం, ఇంటికి వేరొక దారి, మనసిచ్చి మాట్లాడగల ఒక మనిషి. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు త్రాగుబోతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతోనే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంస్థ పుట్టింది. ఒకనాడు కాలు జారిందే అనుకొందాం. ఆ ఒక్క గ్లాసు కంటె, ‘ఎలాగూ వ్రతం చెడింది’ అనే ఆలోచనే ఎక్కువ కీడు చేస్తుంది. మరునాడే వైద్యుని వద్దకు పోవచ్చు; 14446 నంబరుకు ఫోను చేసినా ప్రభుత్వ సలహాదారులు మాట్లాడతారు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మనవి. గుట్కా మానిన స్నేహితుని ముందు పొట్లం చించి, ‘ఒక్కసారికేమవుతుందిరా’ అనడం పరిహాసం కాదు. కమిటీ పెద్దలకూ ఒక విషయం గుర్తు చేస్తాము. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాలయానికి వంద గజాలలోపు పొగాకు అమ్మరాదు. మన గేటు నుండి మొదటి పాన్ డబ్బా ఎన్ని గజాలున్నదో ఒకసారి కొలిపించండి.