పగ్గాలు చేపట్టడం అంటే లాగడం కాదు

కొత్త సీఈఓ రాగానే మన పేపర్లు "కంపెనీ పగ్గాలు చేపట్టారు" అని రాస్తాయి. వారాంతాల్లో రైడింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆ మాట నాకు ఇంకోలా వినిపిస్తోంది.

స్వారీ గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. మనం 60, 70. బలం చూపించి దాన్ని నడిపించడం అయ్యే పని కాదు. మరి మన మాట ఎందుకు వింటుంది?

అసలు కిటుకు వదలడంలో ఉంది. కాలితో గుర్రం పక్కను కొంచెం నొక్కుతాం. అది అడుగు వేయగానే నొక్కడం ఆపేయాలి. తను చేసింది కరెక్ట్ అని దానికి తెలిసేది ఆ వదిలిన క్షణంలోనే. నడుస్తున్నా నొక్కుతూనే ఉంటే, కొన్నాళ్లకు ఆ కాలిని పట్టించుకోవడం మానేస్తుంది. పని పూర్తయ్యాక కూడా "స్టేటస్ ఏంటి?" అని రోజూ మెసేజ్‌లు పెట్టే లీడ్‌కి జరిగేదీ ఇదే.

ఇంకోటి, కాళ్లతో "పద" అంటూనే చేతులతో పగ్గాలు బిగిస్తే గుర్రానికి ఏం చేయాలో అర్థం కాదు. తల విదిలిస్తుంది, మొండికేస్తుంది. "కొత్తగా ఆలోచించండి" అంటూనే ప్రతి చిన్నదానికీ పర్మిషన్ అడగమనే బాస్ కూడా ఇలాగే చేస్తాడు. తర్వాత తప్పు టీమ్‌దే అంటాడు.

గుర్రం సహజంగా భయస్థురాలు. ఒక ప్లాస్టిక్ కవర్ ఎగిరినా బెదురుతుంది. అప్పుడు మనమూ బిగుసుకుపోతే, నిజంగానే ప్రమాదం ఉందనుకుంటుంది. పగ్గాలు చేతిలోనే ఉండాలి, చేతులు మాత్రం మెత్తగా ఉండాలి. 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ చాట్‌బాట్ 'టే' ట్విట్టర్‌లోకి వచ్చిన ఒక్క రోజులోనే ద్వేషపు మాటలు మొదలుపెట్టింది. దాన్ని వెంటనే తీసేయాల్సి వచ్చింది, బయట పెద్ద గొడవైంది. అప్పుడు మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఆ టీమ్‌ని వెంటాడలేదు. నేర్చుకుంటూ ముందుకెళ్లండి, నేను మీతో ఉన్నాను అన్న అర్థంలో వాళ్లకి ఈమెయిల్ పెట్టారు.

అయితే ఒక తేడా ఉంది. గుర్రానికి నచ్చకపోతే వెంటనే తెలిసిపోతుంది, చెవులు వెనక్కి పెడుతుంది. మనిషి అలా కాదు. "ఓకే సర్" అని నవ్వుతాడు, నెల తర్వాత రిజైన్ చేస్తాడు. కాబట్టి ఫెస్ట్ కమిటీ అయినా, ప్రాజెక్ట్ బ్యాచ్ అయినా, రేపు మీ స్టార్టప్ అయినా, పగ్గాలు మీ చేతికొస్తే మధ్యమధ్యలో ఒక ప్రశ్న అడగండి: "నేను ఎక్కడ ఎక్కువ లాగుతున్నాను?" జవాబు వచ్చాక నిజంగా వదలండి.